కట్టడం

దేరాలో, నాయిఫ్ రోడ్డు వెనక సందులో
మా టైపింగ్ సెంటర్.
పదకొండేళ్ళుగా నేను నింపేవి ముఖ్యంగా రెండు గడులు:
యజమాని. కిరాయిదారు.
మొదటి గడిలో పేర్లు మారవు.
రెండో గడిలో పేర్లు నిలవవు.

"పన్ను లేని దేశం కదమ్మా మీది" అంటుంది
రాయచోటి నుంచి మా మేనత్త,
బంగారం రేటు అడిగే ముందు.
నిజమే అత్తా, జీతం మీద పన్ను లేదు.
కానీ పన్ను లేని నోరు నీకు తెలియనిదా,
చిగుళ్ళతోనే జొన్నరొట్టె ఎట్లా అరగదీస్తుందో!
మా కరెంటు బిల్లు చూడు:
యూనిట్లు, నీళ్ళు, మురుగు,
ఆ కింద
ఏడాది అద్దెలో నూటికి ఐదు, పన్నెండు ముక్కలుగా,
హౌసింగ్ ఫీజు.
పన్ను అని ఎక్కడా రాయరు.
ఆ మాట రాస్తే నొప్పి ఎక్కడో తెలిసిపోతుంది.

నిన్న మధ్యాహ్నం రాజలింగం వచ్చాడు,
లిఫ్టులు బిగించే మనిషి.
ఇరవై రెండేళ్ళయినా కోరుట్ల మాట అరగలేదు.
చేతిలో నాలుగు మడతల రంగు కాగితం:
మొదటి ఇల్లు కొనేవారికి
రిజిస్ట్రేషన్ ఫీజులో రాయితీ.
"మేడం, ఇది నాకు వర్తిస్తదా?"

జనం లేరు. లెక్క మొదలుపెట్టాం.
మొదట ఒక మంచం, అదీ మీది బంకు.
తర్వాత సగం గది.
పెళ్ళాం వచ్చాక గది.
ఆమె తిరిగి ఊరికి పోయాక మళ్ళీ సగం.
కాలిక్యులేటరు చూపించిన అంకెను
ఇద్దరం కాసేపు చూశాం,
ఎవరిదో పెళ్ళిఫోటో చూసినట్టు.
ఆ డబ్బుకి ఒక చిన్న ఫ్లాట్‌లో
వంటగదీ, బాల్కనీ వచ్చేవేమో.
వచ్చింది రసీదుల కట్ట. రబ్బరు బ్యాండు కూడా ఎండి తెగింది.

మన భాషలో ఒక తిరకాసుంది.
అద్దె కడతాం, ఫీజు కడతాం, జరిమానా కడతాం.
ఇల్లూ కడతాం.
ఒకటే మాట.
ఇరవై రెండేళ్ళు కట్టినవాడికి
ఏం కట్టావని అడిగితే
ఏ అర్థంలో చెప్పాలి?
ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
ఈ ఊళ్ళో డెబ్బై మేడలకి చెయ్యి వేశాడు రాజలింగం.
కట్టాడు. చూశాడు.
చూడ్డానికి మెడ నొప్పెట్టింది.

కాగితంలో ఇంకో వాక్యం:
ముందుగా నూటికి ఇరవై మీరే తెచ్చుకోవాలి.
అంటే రాయితీ
గుమ్మం దాకా నడిచొచ్చినవాడి కాళ్ళు కడుగుతుంది.
దారిలో ఉన్నవాడికి చెప్పులివ్వదు.
పైగా, వీసా రెండేళ్ళు.
అప్పు పాతికేళ్ళు.
"కొలువు పోతే ఇల్లుంటదా మేడం?
ఇల్లుంటే నేనుంటనా?"
దానికి నా దగ్గర గడి లేదు.

రాత్రి నా బిల్లులూ తీశాను.
పదకొండేళ్ళ ఐదులు కలిపితే
ఒక ఏడాది అద్దెలో సగం దాటింది.
దాన్ని ఎవరో ఒకరు
నా పేరు రాసిన డబ్బాలో వేస్తూ వచ్చుంటే?
ఇల్లు కాదు, సరే.
ఒక తలుపు. గొళ్ళెంతో సహా.
నేను మేకు కొట్టుకోడానికి
ఎవరి అనుమతీ అక్కర్లేని ఒక గోడ.

ఈరోజు పొద్దున్నే మళ్ళీ వచ్చాడు.
"ఓ అర్జీ కొట్టు మేడం."
కొట్టాను:
అయ్యా, మేము అద్దె మీద కడుతున్న ఐదులో
రెండు మా పేరున దాచండి.
కొనే రోజు వస్తే ముందు సొమ్ములో కలపండి.
రాకపోతే
వెళ్ళే రోజున మా చేతికివ్వండి.

ఎవరికి, అన్నచోట కర్సరు
కొట్టుకుంటూనే ఉంది.
ఓటున్నవాడికైతే ఒక చిరునామా ఉంటుంది.
పన్ను కట్టానని ఒప్పుకోనివ్వని చోట
ఏ బల్ల మీద గుద్ది అడగాలి?

రాజలింగం కళ్ళజోడు నుదుటికి ఎత్తి
స్క్రీను దగ్గరగా వంగాడు.
"రెండు గాదు, మూడు రాయి.
వాళ్ళు బేరం చేస్తరు గద."

రెండు చెరిపాను.